ఇంజన్ ముట్టకుండా గంటసేపు

గేజి ముల్లు ఎనిమిది మీదికి వచ్చింది, పదహారు మీదికి పోయింది, మళ్ళీ ఎనిమిది, దీన్ని ఎలా రాయాలి, అహరోను పెన్సిలు మొనను నాలుక మీద తడి చేసుకుని నోటుబుక్కులో తొమ్మిది గంటల ఐదు నిమిషాలు, ఊగుతుంది, అని రాశాడు. దాని పైవరుసలో తొమ్మిది గంటలు, ఊగుతుంది, అని అప్పటికే ఉంది. పది గంటల దాకా ఐదు నిమిషాలకోసారి రాయమని జైపాల్‌రావు దొర హుకుం, అంటే ఊగుతుంది అని పదమూడు సార్లు రాయాలి, ఒకసారి రాసి కిందికి గీత గీస్తే సరిపోదా అనుకున్నాడు, కానీ దొర గీతను నమ్మడు. దొర ముల్లును నమ్ముతాడు. మూడేళ్ళ కింద, ఎనభై ఐదులో, ఈ టర్బో ఇంజన్ జనరేటరు లారీ మీద ఆదిలాబాద్ వచ్చి ఈ జిన్నింగ్ మిల్లు వెనక రేకుల షెడ్డులో దిగినప్పటి నుంచి ఆయన రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ప్యానెల్ బోర్డు ముందు నిలబడి, ఆరు గేజీల్లో ఒక్కదాన్నే చూస్తాడు. టర్బో ఇంజన్‌లోకి ఎంత బలంగా గాలి నెడుతున్నదో చెప్పే గేజి అది. పత్తి నుంచి గింజ తీసే జిన్నులన్నీ తిరుగుతుంటే దాని ముల్లు పన్నెండు మీద నిలబడాలి. మూడేళ్ళు నిలబడింది. పత్తి కొనే షావుకార్లు బొంబాయి నుంచి వచ్చినా, పెండ్లి పత్రిక ఇవ్వడానికి చుట్టాలు వచ్చినా దొర వాళ్ళను షెడ్డులోకి తీసుకొచ్చి ఆ పన్నెండును చూపించి పంపేవాడు. నిన్న సోమవారం మిల్లు తెరిచిన దగ్గర నుంచి ముల్లు ఊగుతున్నది.

"పది గంటలకు నాగ్‌పూర్ మిస్త్రీ వస్తుండు," అన్నాడు దొర ఇందాక, గేజి వైపు చూడకుండా, చూస్తే ఏమవుతుందోనన్నట్టు. "గాయన వచ్చేదాంక నువ్వు ఇంజన్ ముట్టకు. కూసో, చూడు, రాయి. ఇంజన్ తప్పయితే ఇంజన్ నాగ్‌పూర్ పోతది. నీ తప్పయితే నువ్వు దూది మీదికి పోతవ్."

దూది మీదికి పోవడమంటే యార్డులో గొడుగు పట్టుకుని నిలబడి పత్తి బండ్లకు ఏ కుప్ప దగ్గర ఆగాలో చెయ్యి చూపించడం. అహరోను కంటే ముందు ఇంజన్ చూసిన అంతయ్య పెద్ద బెల్టు తెంపి దూది మీదికి పోయాడు, పందొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు, ఊళ్ళో అతన్ని ఇంజన్ అంతయ్య అంటారు, ఆ పేరు విన్నప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటాడు. కానీ దూది కంటే ఎక్కువ గుచ్చింది ముట్టకు అన్న మాట. తిట్టినా బాగుండేది. గ్రీజు డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు అహరోను, కూర్చున్నాక చేతుల్ని ఏం చేయాలో తెలియలేదు. పెన్సిలు పట్టుకునేది ఒక చెయ్యి, అదీ ఐదు నిమిషాలకోసారి. మిగతా నాలుగున్నర నిమిషాలు ఆ చెయ్యి దానంతటదే లేచి రబ్బరు గొట్టం మీది క్లాంపు దగ్గరికి పోతున్నది, ఇది వదులైందేమో, సగం మర, పావు మర, ఎవరు చూస్తారు. అతను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

చేతులు లేకపోతే చెవులున్నాయి. కండ్లు మూసుకుంటే ముల్లు లేదు, ఇంజన్ ఒక్కటే ఉంది, దాని మోత శనివారం ఎలా ఉందో అలాగే ఉంది, ఎక్కడా తడబాటు లేదు. టర్బో బేరింగు పోతే ఈల వేస్తుంది, ఈల లేదు. గాలి బయటికి పోతుంటే పొగ నల్లబడుతుంది, రేకుల సందులోంచి కనిపించే పొగ పలుచగానే ఉంది. ఇంజనే ఆగి ఆగి లాగుతుంటే నెత్తి మీది బల్బు కూడా ఆడాలి, బల్బు ఆడటం లేదు. ఇన్ని సాక్ష్యాలు ఒకవైపు, ముల్లు ఒకటి ఇంకోవైపు. మందమర్రి బొగ్గు గనిలో కంప్రెసర్ల ఇంట్లో పని నేర్పిన దేవదాస్ మేస్త్రీ గేజీలకు వీపు పెట్టి కూర్చునేవాడు. మరలు తిప్పే పెద్ద పేచీకట్టు ఒక కొన మిషను మీద, ఇంకో కొన చెవిలో, నోట్లో బీడీ, ఎనిమిది కంప్రెసర్లలో ఏది రేపు ఆగుతుందో ఇవాళ చెప్పేవాడు. గేజి జూసుడు గుమస్తాల పని పొల్లగా, అనేవాడు. ఒకసారి బీడీ కొన చెవి వైపు, పేచీకట్టు నోటి వైపు పోయింది, అది అతను ఎవరికీ చెప్పలేదు, అహరోను కూడా ఎవరికీ చెప్పలేదు, అరవై తొమ్మిదిలో మందమర్రి వదిలిపెట్టి వచ్చేటప్పుడు ఆ ఒక్క రహస్యానికే మేస్త్రీ తన పేచీకట్టు అతనికి ఇచ్చాడేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు. ఆ పేచీకట్టు ఇప్పుడు ఎదురుగా మేకుకు వేలాడుతున్నది. దాన్ని ఇంజన్‌కు ఆనిస్తే ముట్టినట్టా కాదా. ఇనుము ముడుతుంది, మనిషి ముట్టడు. దొరకు ఈ తేడా చెప్పగలడా. చెప్పలేడు. తొమ్మిదీ పది, ఊగుతుంది.

"ఏందన్నా, చేతుల మీద కూసున్నవ్, పొదుగుతున్నవా," అన్నది శంకరవ్వ. షెడ్డు ఊడ్వడానికి వచ్చింది, చీపురుకు దూది పీచు గడ్డంలా వేలాడుతున్నది. ఈ మిల్లులో దూది పీచు పోనిచోటు లేదు, తాళం కప్పలో ఉంటుంది, చాయ్ గిలాసలో ఉంటుంది, ఆదివారం చర్చిలో బైబిలు తెరిస్తే పేజీల మధ్యలో ఉంటుంది.

"దొర ముట్టొద్దన్నడు."

"గా ముల్లుకు చలిజరమొచ్చినట్టున్నది. ఏమన్న గోళియ్యరాదు."

"నువ్వు నీ పని చూసుకో చెల్లె."

"నా పని నేను చూస్తనే ఉన్న. నీకే పని లేకపాయె," అని ఆమె గ్రీజు డబ్బా చుట్టూ ఊడ్చింది, కాళ్ళు ఎత్తమన్నది, ఎత్తాడు, చేతులు తొడల కింద, కాళ్ళు గాలిలో, ముల్లు ముందు ఈ భంగిమలో కూర్చున్నప్పుడే జిన్నుల ఫిట్టరు సాంబయ్య తొంగి చూశాడు, చూడాలని రాసిపెట్టి ఉన్నట్టు.

"బేరింగ్ పోయిందన్నా," అన్నాడు సాంబయ్య. "మా బామ్మర్ది లారీకి గిట్లనే ఊగింది. వారం దినాలల్ల ఇంజన్ పలిగింది."

"మీ బామ్మర్ది లారీకి టర్బో ఉన్నదా?"

"లేదు."

"గేజి?"

"గది గూడ లేదు."

"మరేం ఊగింది?"

సాంబయ్య ఆలోచించాడు. "లారీ," అన్నాడు, అని జిన్నుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

లారీ. అహరోనుకు నవ్వు రాలేదు, తర్వాత వచ్చింది, తర్వాత ఆగింది, ఎందుకంటే నాగ్‌పూర్ మిస్త్రీ కూడా బేరింగే అంటాడు, అది అందరికీ తెలిసిన మాట, విప్పితే తప్ప తేలని మాట, విప్పడం అంటే టర్బో దించడం, లారీ మీద నాగ్‌పూర్ పంపడం, నెల రోజులు. పత్తి ఎక్కువగా వచ్చే నెలలో పగటి కరెంటు లేదు, ఇంజన్ లేకపోతే రాత్రి కరెంటుకే జిన్నులు తిరగాలి. ఏ జబ్బూ లేని దాన్ని ఆపరేషన్‌కు పంపినట్టు. ఇంజన్ తప్పు కాదు, అది తెలుసు. అయితే ఏది. గేజి తప్పా, కాదు, నిన్న కొత్త గేజి పెట్టి చూశాడు, కొత్తదీ ఊగింది, పాతదాని కంటే హుషారుగా ఊగింది. గొట్టం పగిలిందా, సబ్బు నురగ రాసి చూశాడు, బుడగ లేదు. గొట్టంలో నూనె చేరిందా, ఊది చూశాడు, లేదు. తొమ్మిదీ ఇరవై ఐదు, ఊగుతుంది. తొమ్మిదీ పదిహేను, ఇరవై రాయలేదని గుర్తొచ్చి ఆ రెండూ కూడా రాశాడు, అప్పుడు మాత్రం ఊరుకుందా. దేవదాస్ మేస్త్రీ అయితే ఇవేవీ చేసేవాడు కాదు. ఏ ఫిట్టరు ఉరికొచ్చి ఫలానాది ఆగింది మేస్త్రీ అన్నా, ఆయన లేచేవాడు కాదు, మిషను వైపు చూసేవాడు కాదు, ఆ ఫిట్టరు వైపే చూసి ఒక్కటే అడిగేవాడు. ఆఖరికి ఏం ముట్టినవ్ రా.

ఆఖరికి ఏం ముట్టాను, అనుకున్నాడు అహరోను. ముల్లు పదహారు మీదికి పోయింది. శనివారం మధ్యాహ్నం మిల్లు బందు, వారం వారం చేసే సఫాయి, గాలి ఫిల్టరు విప్పి దులిపాడు, ఆయిలు చూశాడు, క్లాంపులు బిగించాడు, ఆఖరికి అంటే ఆఖరికి, గేజికి పోయే సన్న గొట్టం విప్పాడు. ఇంజన్ వైపు కొన దగ్గర వేలి గోరంత ఇత్తడి ముక్క ఉంది, మూడేళ్ళలో ఎప్పుడూ దాన్ని బయటికి తీయలేదు. ఎండకు పట్టి చూశాడు. రంధ్రం ఉన్నదా అంటే ఉన్నది, సూది మొనంత, వెలుతురు చుక్కలా. ఈ మిల్లులో ఏ రంధ్రం చిన్నగా కనిపించినా అది దూది పీచు పనే, ఏ గొట్టమైనా, ఏ నాజిలైనా ముందు పొడవాలి, తర్వాత ఆలోచించాలి, ఇక్కడ చేరినవాడికి మొదటి రోజు నేర్పేది అదే, అంతయ్య అతనికి నేర్పాడు, అతను తర్వాతి వాళ్ళకు నేర్పాడు. జేబులో భార్య మగ్దలేనమ్మ స్టవ్ పిన్ను ఉంది, కిరోసిన్ స్టవ్ నాజిలు పొడిచేది, పొద్దున దాని వంకర తీసి పెట్టమని ఇచ్చింది. దాంతో పొడిచాడు. పిన్ను పోయింది, వచ్చింది, దానికి పీచు అంటలేదు. అప్పుడు ఆగాల్సింది. పీచు అంటలేదంటే పీచు లేదనే కదా, కానీ అతను పీచు గట్టిపడిందనుకున్నాడు, రాయిలా గట్టిపడింది, మూడేళ్ళ పీచు, డ్రిల్లు మిషను తీసి మూడు మిల్లీమీటర్ల బిట్టు వేసి ఇత్తడి ముక్కను ఈ చివరి నుంచి ఆ చివరికి తొలిచాడు. బంగారు రంగు పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది. పీచు కాదు, ఇత్తడి. దాన్ని కూడా చూశాడు, చూసి బాగుందనుకున్నాడు.

ఇంజన్ గాలి తాగేది ఒక్క ధారగా కాదు, గుక్కలు గుక్కలుగా, ఆరు సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి, ప్రతి గుక్కకూ గొట్టంలో గాలి ఒక కుదుపు కుదుపుతుంది. ఆరాధన అయ్యాక చర్చి తలుపు రెండు రెక్కలూ తీస్తే జనం ఒక్కసారి మెట్ల మీద పడతారు, ఒక్క రెక్క తీస్తే ఒక్కొక్కరుగా దిగుతారు. ఆ సూది మొనంత రంధ్రం ఒక్క రెక్క. కుదుపులన్నిటినీ అది ఆపి, నెమ్మదైన గాలిని ముల్లుకు పంపింది, మూడేళ్ళు పంపింది, అతను రెండో రెక్క కూడా ఊడబీకాడు. ఇదే సంగతి మగ్దలేనమ్మ శనివారం సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది, గంత సన్నగ కంపెనోళ్ళు ఎందుకు పెట్టిండ్రయ్యా అని. మూసుకపోయింది, అన్నాడు. మూసుకపోతే మూడేండ్లు ముల్లు ఎట్ల నిలబడ్డది, అన్నది. నీకు తెల్వదు గని చారు పోయి, అన్నాడు. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, ఇంజన్ ఎప్పుడూ చూడని మనిషి, చారు పోసింది.

అంతటితో పోయిందా, పోలేదు, మరునాడు ఆదివారం. మెథడిస్టు సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పుకోవడం ఉంటుంది, ఆ వారం దేవుడు ఎవరికి ఏం మేలు చేశాడో లేచి చెప్పాలి. పోయిన వారం ఒకాయన బర్రె దొరికిందని చెప్పాడు. అహరోను పందొమ్మిదేళ్ళలో మూడుసార్లు లేచాడు, పిల్లలు పుట్టినప్పుడు రెండుసార్లు, పాము కరవనప్పుడు ఒకసారి. ఈ ఆదివారం నాలుగోసారి లేచి, మూడేండ్ల సంది మూసుకపోయిన దాన్ని తెరిచే జ్ఞానం ప్రభువు తనకు ఇచ్చాడని చెప్పాడు. నలభై మంది ఆమెన్ అన్నారు. మగ్దలేనమ్మ ఆడవాళ్ళ వరుసలోంచి అతన్ని చూసింది, ఆమె ఆమెన్ అన్నదో లేదో అతను చూడలేదు, ఇప్పుడు తలుచుకుంటే అనలేదనే అనిపిస్తున్నది. సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి మెథడిస్టు సంఘంలో ఉన్నట్టు అతనికి గుర్తులేదు. బర్రె మళ్ళీ తప్పిపోతే ఆ పెద్దమనిషి లేచి చెబుతాడా. నలభై ఆమెన్లు, ఎవరివి వాళ్ళకు ఎలా తిరిగి ఇవ్వాలి.

తొమ్మిదీ నలభై, ఊగుతుంది. నోరు మూసుకుంటే ఏమవుతుంది. నాగ్‌పూర్ మిస్త్రీ బేరింగు అంటాడు, దొర నమ్ముతాడు, ఇంజన్ లారీ ఎక్కుతుంది, అహరోను షెడ్డులోనే ఉంటాడు, ఇంజన్ లేని షెడ్డులో. నెల తర్వాత ఇంజన్ తిరిగి వస్తుంది, ముల్లు మళ్ళీ ఊగుతుంది, ఎందుకంటే తొలిచిన ముక్క అక్కడే ఉంటుంది. నిజం చెబితే ఇంజన్ ఉంటుంది, అతను ఎండలో అంతయ్య పక్కన ఇంకో గొడుగు. ఇద్దరూ ఇంజన్ వాళ్ళే, ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలి. మూడో దారి, పది నిమిషాల్లో గొట్టం విప్పి రంధ్రంలో ఏదైనా కుక్కడం, కుక్కడానికి ఈ మిల్లులో ఉన్నది దూది ఒక్కటే, గాలి దాన్ని తోసుకుంటూ పోయి గేజి గొంతులో పెడితే గేజి కూడా పోతుంది, అప్పుడు రెండు తప్పులు. పైగా ముట్టకు అన్నాడు. తొమ్మిదీ యాభైకి రాయాల్సిన చోట పెన్సిలు ఆగింది. ఊగుతుంది అని కాకుండా ఊపాను అని రాయాలా. రాయలేదు. బయట జీపు ఆగింది.

నాగ్‌పూర్ మిస్త్రీ పేరు వాంఖడే, తెల్ల పైజామా, తోలు సంచీ, మెడలో డాక్టర్ల దగ్గర ఉండే గొట్టం లాంటిదే ఒకటి, మిషన్లకు పెట్టి వినేది. జైపాల్‌రావు దొర అతని వెనక నడుస్తున్నాడు, ఆయన తన మిల్లులో ఇంకొకరి వెనక నడవడం అహరోను ఎప్పుడూ చూడలేదు. వాంఖడే గేజి ముందు నిలబడ్డాడు, ముల్లును చూశాడు, గొట్టం చెవిలో పెట్టుకున్నాడు, టర్బోకు ఆనించాడు, చాలాసేపు విన్నాడు, మళ్ళీ ముల్లును చూశాడు, ఆ చూపులో ఏదో తెలిసినవాణ్ణి సంతలో చూసి తప్పుకునే తీరు ఉంది. తర్వాత మరాఠీలో టర్బో ఉతరవావా లాగేల్ అన్నాడు. దించక తప్పదని. ఆదిలాబాద్‌లో ఆ మాట ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

"దించొద్దు దొరా," అన్నాడు అహరోను. గ్రీజు డబ్బా మీద నుంచి ఎప్పుడు లేచాడో తెలియదు. "టర్బోకేం గాలే. గది నేను చేసిన తప్పు."

దొర వాంఖడే వైపు తిరిగాడు. "చూసినవా, ఇంజన్ మీద ఎంత పానమో. అది పోతదని తప్పు మీదేసుకుంటుండు."

"మీదేసుకునుడు కాదు దొరా. నాదే. ఇత్తడి ముక్క తొలిచిన."

"ఊకో. పందొమ్మిదేండ్ల సంది నిన్ను చూస్తలేనా. నీతోని తప్పయితదా."

తాను తప్పు చేయలేదని వాదించాల్సిన రోజు వస్తుందని అహరోను అప్పుడప్పుడు అనుకునేవాడు, ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు, చేశానని వాదించాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ముట్టాడు. గేజికి పోయే రబ్బరు గొట్టాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెల్లగా నొక్కాడు. ముల్లు అదిరింది, నెమ్మదించింది, పన్నెండు మీద నిలబడింది. వదిలాడు, ఎనిమిది, పదహారు. నొక్కాడు, పన్నెండు. మూడోసారి నొక్కేసరికి దొర ఊపిరి పీల్చిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినిపించింది.

"చూసి తొలిచినవా, చూడక తొలిచినవా?"

"చూసే తొలిచిన దొరా."

దొర పన్నెండును చూశాడు. "గిప్పుడు ఇడిస్తే ఇంజన్‌కేమన్నయితదా?"

"ఏం గాదు. ముల్లు ఊగుతది, గంతే."

"ఇంజన్‌కేం గాదు. నాకైతది," అన్నాడు దొర. "కొత్త ముక్క ఎన్నడొస్తది?"

"బస్సుల పార్సల్ ఏస్తే రేపు పొద్దుగాల," అన్నాడు వాంఖడే తెలుగులోనే, గొట్టం మెడలోంచి తీసి సంచీలో పెట్టుకుంటూ.

"అందాంక పట్టుకో. పత్తి షావుకార్లు రెండింటికి వస్తుండ్రు. ఇడిసినవంటే దూది మీదికే," అని దొర ట్రంకు కాల్ బుక్ చేయడానికి ఆఫీసు వైపు నడిచాడు, తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు, అహరోనును కాదు.

వాంఖడే వెళ్ళలేదు. గ్రీజు డబ్బా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. దొర చెప్పుల చప్పుడు పోయేదాకా ఆగాడు.

"ఎంత బిట్టు ఏసినవ్?"

"మూడు."

వాంఖడే తల ఊపాడు. "నేను చార్ ఏసిన," అన్నాడు నాలుగు వేళ్ళు చూపించి. "పోయిన సాల్. నూలు మిల్లుల. కచరా అనుకున్న. మళ్ళ టర్బో దించిన, సాఫ్ చేసిన, ఎక్కించిన, ముల్లు బంద్ కాలే. ఆఖరికి గేజీ పీకేసి గా జాగల బోల్టు బిగించిన."

"సేట్‌కు ఏం జెప్పినవ్?"

"కొత్త మోడల్‌కు గేజీ రాదని జెప్పిన."

అహరోను వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ముల్లు పన్నెండు మీది నుంచి పన్నెండున్నరకు జారి మళ్ళీ వచ్చింది. వాంఖడే తలుపు వైపు చూశాడు, ఎవరూ లేరు, కుర్తా చేతులు పైకి మడిచి తన బొటనవేలూ చూపుడువేలూ అహరోను వేళ్ళ పక్కనే గొట్టం మీద పెట్టాడు.

"ఇటియ్యి," అన్నాడు. "నువ్వు పోయి చాయ్ తాగిరా."